అమ్మ పాట వినబడే హెడ్‌ఫోన్

ఉద్యోగం మమ్మల్ని చింతూరు వైపు నుంచి ఐనవిల్లికి తెచ్చి పదేళ్లవుతోంది. శబరి ఒడ్డున పుట్టిన వాళ్లం, గోదావరి చివర పిల్లలకు అక్షరాలు చెప్పుకుంటూ బతుకుతున్నాం. మా ఊరి పక్కగా దిగే నీరు కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, చివరికి ఈ కోనసీమ లంకలను ఒరుసుకుంటూ సముద్రంలోకి పోతుంది. అందుకే పరాయి చోట ఉన్నామన్న బెంగ మాకు పెద్దగా లేదు. నీళ్లు మావే. చప్పుళ్లే వేరు. తెల్లవారుజామున గుడి మైకు, పగలంతా కొబ్బరికాయల లారీలు, పెళ్లిళ్ల రోజుల్లో డీజే. మా ఊళ్లో పండగ రాత్రుల్లో మోగే డోలు మాత్రం ఇక్కడ లేదు. దాన్ని మేము ఫోన్‌లో దాచుకుని తెచ్చుకున్నాం.

ఆ ఫోన్‌లోని పాటను సరిగ్గా వినడానికి ఒక హెడ్‌ఫోన్ కొనుక్కున్నాం. దాని గురించే ఈ నాలుగు మాటలు. ఆదివాసీల పుస్తకంలో హెడ్‌ఫోన్ గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇప్పుడు మన పిల్లల మెడలో పూసలదండ ఉన్నా లేకపోయినా ఇయర్‌ఫోన్ వైరు ఉంటోంది. మన పాటలు వాళ్ల చెవిలోకి వెళ్లాలంటే ఆ వైరులోంచే వెళ్లాలి. అది ఎలాంటి వైరో తెలుసుకోవడం మంచిదే.

మా ఇంట్లో నలుగురం. మేమిద్దరం, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, అమలాపురంలో డిప్లొమా చదువుతూ సెలవు రోజుల్లో మా ఇంటికి వచ్చే మేనల్లుడు. మేమిద్దరం ఘంటసాల, ఇళయరాజా దగ్గర ఆగిపోయిన వాళ్లం. మా అమ్మాయికి కొత్త సినిమా పాటలు కావాలి, కొరియా కుర్రాళ్ల బీటీఎస్ పాటలు కావాలి. మేనల్లుడికి డీజే మిక్సులు. మన రేల పాటకు కూడా డీజే దరువు కలిపి చేసినవి అతని ఫోన్‌లో బోలెడు. వీటన్నిటితో పాటు మా నలుగురికీ ఉమ్మడిగా ఉన్నవి ఆరు పాటలు. అవి మా అమ్మ పాడినవి.

2019 వేసవిలో భూమి పండుగకు ఊరెళ్లినప్పుడు ఆ పాటలు రికార్డు చేశాం. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని అమ్మ పాడింది. మేనల్లుడు పక్కన డోలు వాయించాడు. మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాలు. ఫోన్ ఎక్కడ పెట్టాలో కూడా మాకు అప్పుడు తెలియదు. డోలుకు జానెడు దూరంలో పెట్టి, ఎర్ర బొత్తాం నొక్కి, మేము కూడా పాటలో పడిపోయాం. 2021లో అమ్మ పోయింది. మరుసటి ఏడాది జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఊరి ఇంట్లోకి కూడా నీళ్లొచ్చాయి. డోలు నాని చర్మం ఊడిపోయింది. అమ్మ చేతి వస్తువులు చాలా పోయాయి. ఆమెవి మిగిలినవి రెండు చీరలు, ఈ ముప్పై ఎనిమిది నిమిషాలు.

పాటల్ని నోట్‌బుక్కులో రాసి పెడదామని ఆ తరువాత కూర్చున్నాం. పాట కోయ భాషలో ఉంది. అక్కడక్కడ తెలుగు మాటలు. ఫోన్ స్పీకరులో వింటూ, ఆపుతూ, మళ్లీ వెనక్కి జరుపుతూ రాసుకున్నాం. మూడు పాటలు పూర్తయ్యాయి. నాలుగో పాట దగ్గర ఆగిపోయాం. అందులో డోలు జోరెక్కువ. అమ్మ గొంతు వస్తుంది, మాట రాదు.

ఒక ఆదివారం మేనల్లుడు తన కొత్త నెక్‌బ్యాండ్ పెట్టుకుని అదే పాట విన్నాడు. పెట్టె మీద బాస్ గురించి పెద్ద అక్షరాలతో రాసి ఉన్న సరుకు అది. కాసేపు విని తీసేసి, "మావయ్యా, నేను వాయించిన డోలు గుండెల్లో గుద్దినట్టు వినబడుతోంది. అమ్మమ్మ మాత్రం ఎక్కడో బావిలో ఉన్నట్టుంది" అన్నాడు. మేం నవ్వాం. తరువాత ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

కొన్నాళ్లకు మా తోటి టీచరు ఒకరు, గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు ఎప్పుడో పంపిన పాత హెడ్‌ఫోన్ ఒకటి వారం రోజులకు ఇచ్చారు. చెవుల మీద ఆనే రకం. స్పాంజీ చిరిగిపోయింది. డోలు అందులో పల్చగా ఉంది. మొదట వినగానే ఇదేం బాగాలేదే అనిపించింది. నాలుగో పాట పెట్టాం. మూడో నిమిషంలో అమ్మ ఒక పేరు పలికింది. మా నోట్‌బుక్కులో అది "ప" అక్షరంతో మొదలైన ఒక మాట. అర్థం తెలియక పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాం. ఆ హెడ్‌ఫోన్‌లో అది "ప" కాదు, "త". పదిసార్లు విన్నాం. "త"నే.

అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, ఊళ్లోనే ఉంటుంది. ఫోన్ చేసి ఆ పేరు చెప్పాం. ఆమె వెంటనే గుర్తుపట్టింది. అది వాళ్లు పుట్టిన పాత గూడెం పేరు. మేము పుట్టకముందే అక్కడి నుంచి అందరూ లేచి వచ్చేశారట. ఆ పేరును ఎవరూ మాకు చెప్పలేదు. అమ్మ పాటలో ఉంది, మేం తప్పు అక్షరంతో రాసుకుని కూర్చున్నాం. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఊళ్లో మిగతా పెద్దలను కూడా అడిగాకే ఎక్కడైనా రాస్తాం.

ఇలా ఎందుకయిందో బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పుకుందాం. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. డోలు బరువంతా కింది భాగంలో, ఎక్కువగా రెండు వందల హెర్ట్జ్ లోపల ఉంటుంది. పాటలో అచ్చుల బలం మధ్యలో ఉంటుంది. "ప"కూ "త"కూ తేడా చూపించే చిన్న చిట్లింపు, "స", "చ" వంటి వాటి సన్నని గాలి చప్పుడు చాలావరకు 2,000 హెర్ట్జ్‌కు పైన ఉంటాయి. కింది శబ్దం మరీ గట్టిగా ఉంటే అది పై శబ్దాలను మింగేస్తుంది. మన చెవి తీరే అంత. అమ్మకాల కోసం బాస్‌ను ఉబ్బించిన ఇయర్‌ఫోన్‌లో డోలు ఇంకా పెరుగుతుంది, హల్లులు అణిగిపోతాయి. ఫోన్ స్పీకరులో బాస్ లేకపోయినా చిన్న స్పీకరు, గది చప్పుడు కలిసి మాటను చెరుపుతాయి. సినిమా పాటలో ఈ నష్టం తెలియదు. ఆ మాటలు మనకు ముందే నోటికి వచ్చు. లేకపోతే ఎక్కడైనా రాసి దొరుకుతాయి. అమ్మ పాట మాటలు ఎక్కడా రాసి లేవు.

డోలు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన కోయల కథలను, సమ్మక్క సారలమ్మ గాథను నోటితోనే పాడేవారు. 2024లో ఆయన కన్నుమూశారు. అంత పెద్ద కళాకారుల సంగతే అలా ఉంటే, ఒక్కో గూడెంలో ఒక్కో అమ్మ దగ్గరున్న పాట సంగతి చెప్పనక్కరలేదు. 2004 నుంచి మన రాష్ట్రంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బడిపుస్తకాలు తెచ్చారు. తెలుగు లిపిలో కోయ మాటలు అచ్చులో చూసుకున్న తరం మన పిల్లలది. అయితే పుస్తకంలో అక్షరం ఉంటుంది, గొంతు ఉండదు. గొంతు ఉన్నది మన ఫోన్లలోనే.

సొంతంగా ఒక హెడ్‌ఫోన్ కొనాలని అప్పుడు తీర్మానించుకున్నాం. మొత్తం ఖర్చు 1,500 రూపాయలు దాటకూడదు. ఇంట్లో నాలుగు రకాల పాటలకు పనికిరావాలి. బస్సులో కూడా తీసుకెళ్లేలా ఉండాలి. నోట్‌బుక్కులో ఒక పేజీ తీసి, పాఠం ప్రణాళిక రాసుకున్నట్టు రాసుకున్నాం. ముందు పరీక్ష పాటలు నాలుగు. ఇళయరాజా పాట ఒకటి, అందులో వయొలిన్లు, కింద నడిచే బాస్ గిటారు విడివిడిగా వినబడాలి. మా అమ్మాయి పాట ఒకటి, అందులో దరువు కొట్టాలి కానీ గరగరలాడకూడదు. మేనల్లుడి మిక్సు ఒకటి. చివరగా అమ్మ నాలుగో పాట. అందులో ఆ పేరు "త"తో వినబడాలి. నాలుగోది పాసవకపోతే మిగతా మూడింటిలో ఫస్టు వచ్చినా తీసుకునేది లేదు.

అమలాపురంలో రెండు మూడు షాపులు తిరిగాం. పెట్టెల మీద రాతలు చదివితే అన్నీ ఒకటే. "20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్" అని మూడు వందల సరుకు మీదా ఉంది, మూడు వేల సరుకు మీదా ఉంది. ఆ అంకె చెప్పేది ఆ హద్దుల మధ్య ఏదో ఒక శబ్దం వస్తుందని మాత్రమే, అన్నీ సమానంగా వస్తాయని కాదు. లోపలి స్పీకరు బిళ్ల ఎన్ని మిల్లీమీటర్లో కూడా రాస్తారు. పెద్ద బిళ్ల అయితే మంచి శబ్దం అనే లెక్క కూడా నిజం కాదు. పనికొచ్చే అంకె ఒకటుంది. ఓమ్‌లు. ఫోన్‌కు పెట్టుకునే వాటికి 16 నుంచి 32 ఓమ్‌ల మధ్య ఉంటే చాలు. స్టూడియోల్లో వాడే 250 ఓమ్‌ల రకం ఎవరైనా బహుమతిగా ఇచ్చినా మన ఫోన్‌లో అది గుసగుసలాడుతుంది.

ఆకారాన్ని బట్టి చూస్తే మనకు అందుబాటులో ఉన్నవి నాలుగు రకాలు. చెవి గుంటలో ఊరికే ఆనించే బడ్స్, రబ్బరు మూతితో చెవి లోపలికి దిగేవి, చెవి మీద ఆనేవి, చెవిని మొత్తం కప్పేవి. రబ్బరు మూతి ఉన్న వాటితో సాధారణంగా మూడు సైజుల మూతులు ఇస్తారు. చాలామంది పిల్లలు మధ్య సైజు తప్ప మిగతావి పారేస్తారు. చెవికి అది సరిపోకపోతే సందులోంచి బాస్ అంతా కారిపోతుంది. అప్పుడు "ఇది బాగాలేదు" అని ఇంకా బాస్ ఎక్కువున్నది కొంటారు. మా అమ్మాయి విషయంలో అదే జరిగింది. పాత ఇయర్‌ఫోన్‌కు చిన్న మూతి మార్చగానే, కొత్తది అక్కర్లేదన్నంతగా బాగుపడింది. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది. ముందు ఇది చేసి చూడండి.

పైసా ఖర్చు లేనిది ఇంకొకటి ఉంది. చాలా ఫోన్ల సెట్టింగుల్లో ఈక్వలైజర్ ఉంటుంది. అందులో ఎడమ చివర గీత కిందికి దించితే బాస్ తగ్గుతుంది. మేనల్లుడి నెక్‌బ్యాండ్‌తోనే అలా దించి అమ్మ పాట వింటే గొంతు చాలావరకు బయటకొచ్చింది. కొత్తది కొనలేని పిల్లవాడు కనీసం ఇంత చేయవచ్చు. అయితే "త" వినబడేంత స్పష్టత దాంట్లో రాలేదు.

వైరా, బ్లూటూతా అన్నది పెద్ద చర్చ అయింది. పిల్లలిద్దరూ బ్లూటూత్ వైపు, మేం వైరు వైపు. బ్లూటూత్‌లో సౌకర్యం ఉంది, కాదనం. కానీ దానికి చార్జింగ్ కావాలి. మా ఊళ్లో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. దాని లోపలి బ్యాటరీ చిన్నది, రెండు మూడేళ్లకు నీరసిస్తుంది, మార్చుకోవడం కష్టం. అదే డబ్బులో వైరుదానికి శబ్దం మీద ఎక్కువ ఖర్చు పెట్టి ఉంటారు, బ్యాటరీకి, రేడియో చిప్పుకు పెట్టే ఖర్చు ఉండదు కాబట్టి. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి పంపుతుందని, వైరు కంటే తక్కువని కొందరు అంటారు. ఫోన్ మైకుతో తీసిన మా రికార్డింగుకు ఆ తేడా లెక్కలోకి రాదు. మాకు లెక్కలోకి వచ్చింది కరెంటు, ధర, మన్నిక. వైరుకు ఉన్న బలహీనత పిన్ను దగ్గర మెడ విరగడం. ఫోన్ చుట్టూ బిగించి చుట్టకుండా వదులుగా చుట్టి పెట్టుకుంటే చాలాకాలం వస్తుంది.

చాలా కొత్త ఫోన్లలో గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉండటం లేదు. మా అమ్మాయి వాడే ఫోన్ అలాంటిదే. దానికి టైప్ సి అడాప్టర్ కావాలి. ఇందులో ఒక చిక్కుంది. కొన్ని అడాప్టర్లలో లోపల చిన్న చిప్ ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. చిప్ లేనివి కొన్ని ఫోన్లకే పనిచేస్తాయి. పెట్టె చూసి కొనకండి. మీ ఫోన్ తీసుకెళ్లి, షాపులోనే పెట్టి, పాట వచ్చాక డబ్బులివ్వండి.

చివరికి మా బిల్లు ఇదీ. చెవి మీద ఆనే వైరు హెడ్‌ఫోన్ 850. బస్సు కోసం రబ్బరు మూతుల ఇయర్‌ఫోన్ 380. అడాప్టర్ 150. ఒక పిన్నును రెండు చేసే వై ఆకారపు ముక్క 80. మొత్తం 1,460 రూపాయలు. హెడ్‌ఫోన్‌ను షాపులో విప్పి ఉన్న నమూనా ముక్కతోనే పరీక్షించాం. షాపతను మొదట విసుక్కున్నాడు. తరువాత తనూ ఒక చెవికి పెట్టుకుని, "ఇదేం భాష మాస్టారూ?" అని అడిగాడు. చెప్పాం. ఇంకో నిమిషం విన్నాడు.

అది అన్నిటిలోనూ గొప్పదని చెప్పం. ఇళయరాజా బాగున్నాడు. మా అమ్మాయి దరువు కొంచెం తక్కువైందంది, ఈక్వలైజర్‌లో పెంచుకుంది. మేనల్లుడి మిక్సు అందులో తేలిపోయింది. అతను తన నెక్‌బ్యాండ్ తనే ఉంచుకున్నాడు, అందులో తప్పేం లేదు. గంట దాటితే చెవి తమ్మెలు నొప్పి పుడతాయి. పక్కన కూర్చున్న వాళ్లకు శబ్దం కొంచెం వినబడుతుంది. కానీ "త" వినబడింది.

బస్సు కోసం వేరే ఎందుకంటే, ఐనవిల్లి నుంచి మా ఊరికి ప్రయాణం దాదాపు ఒక పగలంతా. రాజమండ్రి దాటి, రంపచోడవరం, మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగాలి. ఘాట్‌లో బస్సు ఇంజన్ మూలుగుతుంది. చెవి మీద ఆనే రకంలో ఆ మోత లోపలికి వస్తుంది, దాన్ని మించి వినాలని మనం సౌండు పెంచుతాం. చెవి లోపలికి దిగే రబ్బరు మూతి బయటి మోతను కొంత ఆపుతుంది కాబట్టి తక్కువ సౌండులోనే పాట వినబడుతుంది. అయితే అదే మూతి రోడ్డు మీద ప్రాణం తీస్తుంది. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కేటప్పుడు, ఆటోల మధ్య నడిచేటప్పుడు, బండి నడిపేటప్పుడు చెవిలో ఏదీ పెట్టకూడదని పిల్లలకు గట్టిగా చెప్పాం.

సౌండు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఒక పెళ్లిలో డీజే పెట్టెల పక్కన రాత్రంతా ఎగిరొచ్చి, మర్నాడు మేనల్లుడు చెవిలో గుయ్‌మని మోగుతోందన్నాడు. రెండు రోజులకు తగ్గింది. తగ్గింది కదా అని మళ్లీ వెళ్లాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. పిల్లలకైతే 75 డెసిబెళ్లే. శబ్దం 90కి పెరిగితే వారం మొత్తానికి 4 గంటలే. ఫోన్‌లో సౌండు గీత 60 శాతం దాటనివ్వకపోతే మంచిదని కూడా ఆ సంస్థే చెబుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే సన్నని రోమాల్లాంటి కణాలుంటాయి. చచ్చిపోయినవి మళ్లీ మొలవవు. అందులోనూ ముందుగా పోయేవి పై శబ్దాలను వినేవి. అంటే "త"ను "ప" నుంచి విడదీసేవే. ఇది విన్నాక మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. అమ్మమ్మ పాటలో ఉన్న మాటను వినగలిగే చెవి అతనికి కూడా కావాలి.

ఇక ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. టీచర్ శిక్షణ చదివే రోజుల్లో హాస్టల్‌లో మా దగ్గర ఒక చవక వాక్‌మన్ ఉండేది. మా ఊరి పాటల క్యాసెట్ ఒకటి ఉండేది. దాన్ని దుప్పటి కప్పుకుని వినేవాళ్లం. ఏం వింటున్నావని ఎవరైనా అడిగితే ఏదో సినిమా పేరు చెప్పేవాళ్లం. ఒకసారి గట్టిగా పెట్టి వింటే కొందరు డోలు దరువును నోటితో వెక్కిరించారు. అప్పటి నుంచి ఇయర్‌ఫోన్ మాకు పాట వినే వస్తువు కాదు, పాటను దాచే వస్తువు అయింది. ఇరవై ఏళ్లు దాటాక మేనల్లుడు కూడా అలాగే చెప్పాడు. వాళ్ల హాస్టల్‌లో అమ్మమ్మ పాటను చెవిలో పెట్టుకుని, ఎవరైనా అడిగితే సినిమా పాట అంటాడట. మేం అతన్ని తిట్టలేకపోయాం. ఆ అబద్ధం మాకు బాగా తెలిసినదే.

వాక్‌మన్ కథలో ఒక చిన్న విషయం మాకు ఇష్టం. సోనీ కంపెనీ మొదటి వాక్‌మన్‌ను జపాన్‌లో 1979 జూలై 1న అమ్మకానికి పెట్టింది. ఆ మొదటి దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రాలు రెండు ఉండేవి. మనిషి ఒంటరిగా చెవులు మూసుకుని వినడం పక్కవాళ్లకు మర్యాదగా ఉండదేమోనని, ఇద్దరు కలిసి వినేలా చేశారు. పాట ఆపకుండానే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఒక నారింజ రంగు బొత్తాం కూడా పెట్టారు. జనం ఒంటరిగా వినడానికే అలవాటు పడటంతో తరువాత వచ్చిన వాటిలో అవి మాయమయ్యాయి. రేల పాట ఎప్పుడైనా ఒక్కరు పాడగా చూశామా? ఒకరు అందుకుంటే వరసగా చేతులు పట్టుకుని అందరూ అంటారు. అలాంటి పాటను ఒక్క చెవిలో పెట్టి తలుపు వేసుకోవడం దానికి సరిపడదు. ఎనభై రూపాయల వై ముక్క కొన్నది అందుకే.

టీచర్లకు ఒక మాట. తరగతిలో ముప్పై మందికి హెడ్‌ఫోన్లు కొనలేం. ఒకటి రెండు ఉంటే చాలు. పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, వాళ్ల ఊరి పెద్దల పాట ఏదైనా వినిపించి, వినబడిన మాటలు రాయమనండి. ఇద్దరి నోట్‌బుక్కుల్లో తేడా వచ్చిన చోట మళ్లీ వినమనండి. అదే శ్రవణం, అదే డిక్టేషన్. చెవిలోకి దిగే రకం ఒకరిది ఒకరికి పెట్టకండి, చెవి జబ్బులు అంటుకుంటాయి. రికార్డు చేసేటప్పుడు ఫోన్‌ను పాడే మనిషికి మూర దూరంలో, డోలుకు దూరంగా, గాలి తగలని వైపు పెట్టండి. ముందు ఊరి పేరు, పాడే వారి పేరు, తేదీ వాళ్ల నోటితోనే చెప్పించండి. ఒక పాట డోలు లేకుండా కూడా పాడమని అడగండి. మేం అడగలేదు. అడిగి ఉంటే ఈ హెడ్‌ఫోన్ అవసరం సగం తగ్గేది. ఆ రికార్డింగును కనీసం రెండు చోట్ల దాచండి. మాది ఇప్పుడు రెండు ఫోన్లలో, ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంది.

హెడ్‌ఫోన్ తెచ్చిన రాత్రి పిల్లలిద్దరూ వై ముక్కకు చెరొకటి తగిలించుకుని వరండాలో కూర్చున్నారు. అమ్మాయికి కోయ రాదు. ఐనవిల్లిలో పెరిగింది, ఇంట్లో మేం కూడా తెలుగే మాట్లాడాం. ఆ తప్పు మాదే. పాట మధ్యలో ఆపి ఆపి ఆమె బావను మాటలకు అర్థం అడుగుతోంది. అతనికి తెలిసినవి అతను చెబుతున్నాడు, తెలియనివి మమ్మల్ని అడుగుతున్నాడు, మాకూ తెలియనివి ప్రశ్న గుర్తుతో నోట్‌బుక్కులో ఎక్కుతున్నాయి. "నాయనమ్మ ఇక్కడ నవ్వింది" అంది అమ్మాయి ఒకచోట. మేం ఇన్నేళ్లు విన్నాం, ఆ నవ్వు మాకు ఎప్పుడూ వినబడలేదు. డోలు కింద ఉండిపోయింది.

ఆ తరువాతి సోమవారం మేనల్లుడు హాస్టల్‌కు వెళ్తూ బస్సుకని కొన్న ఇయర్‌ఫోన్‌తో పాటు వై ముక్క కూడా పట్టుకుపోయాడు. ఎందుకని మేం అడగలేదు.

నాలుగో పాటలో ఇప్పటికి ఐదు ప్రశ్న గుర్తులు మిగిలాయి. ఐదో పాట, ఆరో పాట ఇంకా మొదలుపెట్టాలి. ఆ మాటలు తెలిసిన మనిషి మా ఎరుకలో చిన్నమ్మ ఒక్కతే. ఫోన్‌లో మాట్లాడితే ఈ మధ్య రెండుసార్లు, మూడుసార్లు చెప్పాల్సి వస్తోంది. ఆమెకు వినికిడి తగ్గుతోంది. ఈ వేసవి సెలవులు ఇవ్వగానే హెడ్‌ఫోన్ సంచిలో పెట్టుకుని బయల్దేరుతున్నాం. ముందు ఆమె చెవులకు పెట్టాలి. తరువాత డోలు లేకుండా పాడమని అడగాలి.